పులిజూదంలో జూదం లేదు

మాకు అప్పటికి ఇరవై ఆరేళ్ళు. తమిళనాడులో మదరసా విద్య ముగించుకొని స్వస్థలానికి తిరిగివచ్చిన సంవత్సరం. కర్నూలు జిల్లా దక్షిణపు అంచున, కడప సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక మెట్ట గ్రామంలో మాకు ఇమామతుతో పాటు పిల్లలకు ఖుర్‌ఆన్ పారాయణం నేర్పే బాధ్యత అప్పగించారు. 2022 నుండి ఆ ప్రాంతం నంద్యాల జిల్లాలోనికి వచ్చింది. తలపాగా కొత్తది, గ్రంథాలు కొత్తవి, ఉత్సాహం అంతకన్నా కొత్తది. ఆ ఊళ్ళో మేము చేపట్టిన మొట్టమొదటి సంస్కరణను గురించి ఇన్నేళ్ళుగా ఎవరితోనూ చెప్పుకోలేదు. పాఠకులు మన్నిస్తే ఈనాడు చెప్పుకుంటాము.

ఆ మస్జిదు ప్రహరీని ఆనుకొని బయట ఒక పొడవైన అరుగు ఉండేది. మన సీమలోని పాత ఇళ్ళకు మల్లే దానికీ నాపరాతి బండలే పరిచారు. పైన వేపచెట్టు నీడ. అరుగు నడిమి బండ మీద ఏ కాలంలోనో ఎవరో ఉలితో చెక్కిన గీతలు ఉండేవి. కొండకొమ్ము నుండి దిగివచ్చే నాలుగు ఏటవాలు దారులు, వాటిని అడ్డంగా దాటే గీతలు, మొత్తం 23 కూడళ్ళు. అసర్ నమాజు ముగిసిన తరువాత ఆ బండకు ఇరువైపులా ఇద్దరు పెద్దలు కూర్చొనేవారు. ఒకరు పరుపులు కుట్టి జీవించిన దూదేకుల పెద్దాయన. మరొకరు వేరుశనగ పండించే రైతు, హిందువు. చుట్టూ అయిదారుగురు నిలబడి చూసేవారు. మూడు గులకరాళ్ళు పులులు, 15 చింతగింజలు మేకలు.

ఆ ఆట పేరేమిటని అడిగాము. “పులిజూదం” అన్నారు. ఆ పేరులోని రెండవ సగం మాత్రమే మా చెవిన పడింది. మస్జిదు గోడ పక్కన జూదమా! ఆ వారపు జుముఅ ప్రసంగంలో దివ్య ఖుర్‌ఆన్ మద్యంతో పాటు జూదాన్ని కూడా షైతాను పనులలో చేర్చి నిషేధించిన సంగతిని ఆవేశంగా వివరించాము. మరునాడే మేస్త్రీని పిలిపించి ఆ బండ మీద సిమెంటు పూయించాము.

ఆ రైతు మాత్రం వచ్చి అడిగాడు: “ఏంటికి మౌల్వీసాబ్, ఆ గీతలు మీకేం చేసినాయి?” మేము జవాబుగా ఒక అరబీ వాక్యం చదివి దాని అర్థం చెప్పాము. దూదేకుల పెద్దాయన మాత్రం ఏమీ వాదించలేదు. అరుగు మీద ఉన్న చింతగింజలను ఏరుకొని తువ్వాలు కొసకు ముడి వేసుకుంటూ, “సరే బేటా, నువ్వు చదువుకున్నోనివి” అన్నారు. ఆ తరువాత కూడా ఆయన అయిదు పూటలా నమాజుకు వస్తూనే ఉన్నారు. అయితే సలాము తిప్పగానే లేచి వెళ్ళిపోయేవారు. అరుగు మీద మరి కూర్చోలేదు. అరుగు ఖాళీ అయింది. దానిని మేము విజయమని భావించాము.

కొన్నేళ్ళకు మేము కడపకు మారి మదరసాలో బోధనకు కుదురుకున్నాము. ఆ అరుగును మరచిపోయాము. దానిని మళ్ళీ గుర్తుకు తెచ్చినది మా విద్యార్థి ఒకని అన్న. డిగ్రీ చదువుతున్న కుర్రవాడు. తండ్రి ఆటో నడుపుతాడు. కుర్రవాడు రాత్రిళ్ళు దుప్పటి కింద సెల్‌ఫోనులో రమ్మీ ఆడేవాడట. మొదట పది రూపాయలు, తరువాత వంద, ఆ తరువాత తల్లి చెవికమ్మలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో గేమింగ్ చట్టాన్ని సవరించి పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని, పోకరును నిషేధించింది. 2025 ఆగస్టులో దేశమంతటికీ వర్తించేలా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. చట్టం రాకముందే కొన్ని ఇళ్ళు ఖాళీ అయ్యాయి, వచ్చిన తరువాత కూడా దొడ్డిదారులు వెతికేవారు ఉన్నారు.

తండ్రి ఆ కుర్రవాణ్ణి మా దగ్గరకు వెంటబెట్టుకొని వచ్చాడు. మందలించాలని మేమూ సిద్ధపడి ఉన్నాము. కాని అతడు తల వంచుకొని అన్న ఒక్క మాట మా నోరు కట్టేసింది. “అంత డబ్బు పోగొట్టినాను హజ్రత్. ఎవరితో ఆడినానో కూడా నాకు తెలీదు.”

అవును. అతని ఎదుట ఎవరూ లేరు. ఓడినప్పుడు “ఇంక చాలు, లేచి ఇంటికి పో” అనే మనిషి లేడు. అజాన్ వినిపించగానే గింజలను పోగుచేసే చేయి లేదు. చుట్టూ నిలబడి చూసే అయిదారుగురు లేరు. ఆ క్షణంలో మాకు ఆ నాపరాతి బండ గుర్తుకు వచ్చింది. అక్కడ ఇవన్నీ ఉండేవి. అక్కడ లేనిది ఒక్కటే, పందెం. ఆ బండ మీద ఏనాడూ ఒక్క పైసా పందెంగా పడటం మేము చూడలేదు. అయినా దానిని చెరిపింది మేమే.

గత సంవత్సరం సెలవులలో ఆ ఊరికి వెళ్ళాము. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగు పోయింది. బండ ఏమైందో చెప్పగలిగినవారు లేరు. దూదేకుల పెద్దాయన అల్లాహ్ సన్నిధికి చేరుకొని చాలా కాలమయిందని చెప్పారు. ఖబరస్తానుకు వెళ్ళి ఆయన కొరకు దుఆ చేసుకొన్నాము. చెప్పవలసిన క్షమాపణ మా నోటిలోనే ఉండిపోయింది. రైతు మాత్రం ఉన్నారు. ఎనభై దాటింది. తన ఇంటి అరుగు మీద బొగ్గుతో గీసిన గీతల ముందు ఒంటరిగా కూర్చొని ఉన్నారు. మమ్మల్ని గుర్తుపట్టడానికి కొంత సేపు పట్టింది.

“ఎవరితో ఆడుతున్నారు పెద్దాయనా?” అని అడిగాము.

“పులి నేనే, మేకా నేనే. నన్ను నేను మోసం చేసుకోలేక చస్తాండా మౌల్వీసాబ్” అని నవ్వారు.

ఆయన పక్కన కూర్చొని ఆనాటి పని గురించి ప్రస్తావించి మన్నించమని కోరాము. ఆయన చేయి ఊపి కొట్టిపారేశారు. మేము సిమెంటు పూయించిన తరువాత వారిద్దరూ ఈ అరుగు మీదికి మారారట. దూదేకుల పెద్దాయన బతికి ఉన్నంత కాలం ఆట సాగింది. తరువాత ఒక్కొక్కరే రాలిపోయారు. “ఈ ఊర్లో పులిని కట్టేది తెలిసినోళ్ళు ఇంగ ముగ్గురమే. ఒగనికి కండ్లు కనపడవు. ఒగడు బెంగుళూర్లో కొడుకు దగ్గరుండాడు. మూడోది నేను.”

పిల్లలకు ఎందుకు నేర్పలేదని అడిగాము. ఆయన చాలా సేపు గీతల వంక చూశారు. “నేర్పితే కదా! చిన్నోళ్ళు వచ్చి కూచుంటే మీకేం పని ఈడ అని తరిమితిమి. ఎవుడన్నా ఇట్లా కాదు తాతా, అట్లా అంటే రోసమొచ్చేది. వాళ్ళు మళ్ళీ రాల్యా. మీదొక తప్పయితే మాది పది తప్పులు.”

ఆ సాయంత్రం ఆయన ఎదుట మేకలు పట్టి ఆడాము. ఈ ఆటలో ఇరుపక్షాలకు సమాన బలం ఉండదు. ఒకరు మూడు పులులై వేటాడాలి, మరొకరు 15 మేకలై తమను కాపాడుకోవాలి. మేకలను ఒక్కొక్కటిగా కూడళ్ళలో దించాలి, అన్నీ దిగేవరకు ఏ మేకా కదలరాదు. పులి తన పక్కనున్న మేక మీదుగా, అదే గీతలో అవతలి కూడలి ఖాళీగా ఉంటే దూకి దానిని తింటుంది. మేకకు దూకే శక్తి లేదు. దానికి ఉన్న ఉపాయం ఒక్కటే, తోటి మేకల పక్కన నిలబడటం. అన్ని వైపులా దారి మూసుకుపోయి పులులు కదలలేని స్థితికి వస్తే మేకలు గెలిచినట్లు. ఇందులో పాచికలు లేవు, గవ్వలు లేవు, అదృష్టం లేదు. ఆలోచన ఒక్కటే ఉంది. ఒక ఆట పూర్తికాగానే పాత్రలు మారుతాయి. ఇందాక వేటాడినవాడు ఇప్పుడు మంద అవుతాడు.

మేము తొందరపడి మేకలను మధ్యలో దించాము. ఆయన పులులు విందు చేసుకున్నాయి. “అంచుల్లో దించు మౌల్వీసాబ్. ఎనక చోటు లేకుంటే పులి దూకలేదు” అని మా చేతిలోని గింజను తీసుకొని తానే ఒక మూల పెట్టారు. ముప్పై ఏళ్ళుగా బోధిస్తున్న మేము ఆనాడు ఒక బొగ్గుగీత ముందు విద్యార్థులమయ్యాము. మగ్రిబ్ వేళకు మాకన్నా ముందుగా ఆయనే, “మీకు పొద్దైతాంది, లెయ్యండి” అని గుర్తుచేశారు.

ఈ ముచ్చటను మా చెల్లెలి కుమారునితో చెప్పాము. అతడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వెంటనే, “మామూ, ఈ బాధ మీ ఊరి తాతది మాత్రమే కాదు, అమెరికాలోనూ ఉంది” అన్నాడు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అక్కడ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఒక కొత్త తరహా ఆటను ప్రచురించారు. కొందరు మిత్రులు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ చెబుతారు. మిగిలినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి చేస్తుందో మాటలతో చెబుతారు. ఫలితాన్ని పాచికలు తేలుస్తాయి. వాటిలో ఇరవై ముఖాల పాచిక కూడా ఒకటి. ఆట గంటల తరబడి, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి సాగుతుంది. ఆనాడు కళాశాల విద్యార్థులుగా ఆడినవారికి నేడు డెబ్భై ఏళ్ళకు దగ్గర. సృష్టికర్తలిద్దరిలో ఒకరు 2008లో, మరొకరు 2009లో కన్నుమూశారు. మా మేనల్లునితో పనిచేసే ఒక అమెరికన్ పెద్దాయన నలభై ఏళ్ళుగా అదే మిత్రబృందంతో ఆడుతున్నారట. ఇప్పుడు వారి బల్ల చుట్టూ మూడు కుర్చీలు ఖాళీ. మాతోనే ఈ ఆట ముగిసిపోతుందేమో అని ఆయన ఒకనాడు అన్నారట.

“మరి ముగిసిపోయిందా?” అని అడిగాము. లేదన్నాడు. 2014లో నియమాలను సులభం చేసి కొత్త ప్రతిని తెచ్చారు. ఇతరులు ఆడుతుండగా వీడియోలలో చూసి ఎందరో యువకులు ఆకర్షితులయ్యారు. తాతలు మనవలకు కుర్చీ వేసిన ఇళ్ళలో ఆట నిలిచింది. “మా కాలపు నియమాలే నియమాలు” అని పట్టుబట్టినచోట బృందం వృద్ధులతోనే మిగిలింది. మాకు మన సీమ అరుగు మీది మాట గుర్తుకు వచ్చింది. మీకేం పని ఈడ.

మేనల్లుడు మరో ప్రశ్న కూడా వేశాడు. ఆ ఆట మనకు ధర్మసమ్మతమేనా అని. దానిని దాటవేయడం మాకు తగదు. నర్ద్ అనే పాచికల ఆటను దైవప్రవక్త (స) తీవ్రంగా ఖండించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. దాని ఆధారంగా అత్యధిక ధర్మవేత్తలు పందెం లేకపోయినా పాచికల ఆటను అనుమతించలేదు. కనుక ఆ ఆటను మన ఇళ్ళకు తెచ్చుకొమ్మని మేము చెప్పలేము. కాని పాచికలు లేని, బుద్ధికి పని చెప్పే ఆటల విషయంలో ధర్మవేత్తల చర్చ వేరు. చదరంగాన్నే తీసుకోండి. మన దేశపు చతురంగం పారశీకం మీదుగా అరబ్బులకు చేరి షత్రంజ్ అయింది. హనఫీ పండితులు దాని విషయంలో కఠినంగా ఉన్నారు. ఇమామ్ షాఫియీ (రహ్) దానిని ఇష్టపడకపోయినా, పందెం లేకుండా, నమాజును పోగొట్టకుండా, నోటిని పాడుచేసుకోకుండా ఆడితే నిషిద్ధమనలేదు. ఈ వివరమంతా మేము ఇరవై ఆరేళ్ళకే చదివి ఉన్నాము. పాఠ్యగ్రంథాలలో ఎంతో సూక్ష్మంగా విడదీసి నేర్చుకొన్న దానిని, అరుగు దగ్గరకు వచ్చేసరికి ఒకే తట్టలో కలిపి పారబోశాము. పేరులో జూదం ఉంటే చాలు అనుకున్నాము. విషయాన్ని చూడకుండా పేరును బట్టి తీర్పు చెప్పడం ఎంత పెద్ద తప్పో తర్కశాస్త్రం మొదటి పాఠంలోనే నేర్పుతారు.

అబూదావూద్ గ్రంథంలోని ఒక హదీసును మేము ఎన్నోసార్లు పాఠంగా చెప్పాము. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకొనేవారు. ఒకనాడు గాలికి తెర తొలగగా దైవప్రవక్త (స) ఆ బొమ్మలను చూశారు. వాటి నడుమ గుడ్డతో చేసిన రెండు రెక్కలున్న ఒక గుర్రం ఉంది. అదేమిటని ఆయన అడిగారు. గుర్రమన్నారామె. గుర్రానికి రెక్కలా అని మళ్ళీ అడిగారు. సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె ఎదురు ప్రశ్న వేశారు. దైవప్రవక్త (స) దంతాలు కనిపించేలా నవ్వారు. మేము ఈ హదీసును చెప్పినప్పుడల్లా ధర్మశాస్త్ర చర్చతోనే సరిపెట్టేవాళ్ళము. ఇప్పుడు మరొకటి కనిపిస్తోంది. సృష్టిలోనే శ్రేష్ఠులైన ఆయన ఆ గుర్రాన్ని చూసి ముందుగా ప్రశ్న అడిగారు. జవాబు విన్నారు. ఆ ఊహను చూసి నవ్వారు. మేము ఆ అరుగు దగ్గర ఆట పేరు ఒక్కటి అడిగి ఊరుకున్నాము. ఎలా ఆడతారో, ఎందుకు ఆడతారో అడగలేదు.

మన ఇళ్ళలోని స్త్రీల ఆటలదీ ఇదే కథ. మా అమ్మగారు వామనగుంటలు ఆడేవారు. వరుసకు ఏడు చొప్పున రెండు వరుసలు, 14 గుంటలున్న చెక్క. చింతగింజలను ఒక్కొక్క గుంటలో పంచుకుంటూ పోవాలి. ఈ కుటుంబానికి చెందిన ఆటలను ప్రపంచమంతటా మంకలా అంటారు. ఆ పదం ఒక చోటి నుండి మరొక చోటికి మార్చడం అనే అర్థమున్న ‘నకల’ అనే అరబీ ధాతువు నుండి పుట్టింది. కైరో నగరపు కాఫీ దుకాణాలలో ఈ ఆట ఆడటాన్ని ఎడ్వర్డ్ లేన్ అనే ఆంగ్లేయుడు 1836లో వర్ణించాడు. మా అమ్మగారికి ఇదేమీ తెలియదు. అయినా ఆమె చేతివేళ్ళకు ఆ లెక్క తెలుసు. ఆమె పోయిన తరువాత ఆ చెక్క అటక మీద చాలా కాలం ఉండి, ఒక వానాకాలంలో పొయ్యిలోకి పోయింది. ఎలా ఆడాలో అడిగి తెలుసుకొన్న మనవరాలు ఒక్కతీ లేదు. అడగమని మేమూ చెప్పలేదు.

సీమలో ఆటగాళ్ళు ముసలివారవడానికి కారణాలు అనేకం. పంట కోత అయిన తరువాత మళ్ళీ వాన పడేదాకా పని లేని నెలలు ఉండేవి. ఆ నెలలే అరుగులను నింపేవి. ఇప్పుడు ఆ నెలలలో యువకులు బెంగుళూరులో, హైదరాబాదులో, కువైటులో ఉంటారు. అరుగుల స్థానంలో ఇనుప గేట్లు వచ్చాయి. నాపరాళ్ళ స్థానంలో నున్నని టైల్సు వచ్చాయి. వాటిమీద బొగ్గుగీత నిలవదు. వీటిని మనం మార్చలేకపోవచ్చు. కాని పెద్దలు తరమడం, పండితులు చెరపడం, పిల్లలు అడగకపోవడం, ఈ మూడూ మన చేతిలోనివే.

అందుకే కడపకు తిరిగివచ్చిన తరువాత గురువారం అసర్ నుండి మగ్రిబ్ వరకు మదరసా వరండాలో సుద్దముక్కతో ఆ గీతలు గీస్తున్నాము. నియమాలు మూడు. పందెం లేదు. తిట్టు లేదు. అజాన్ వినిపిస్తే గింజలు సంచిలోకి పోవాలి. తొలి వారంలో నలుగురు వచ్చారు. ఇప్పుడు కూర్చొనే వంతు కొరకు చిన్న గొడవలు జరుగుతున్నాయి. ఆ రమ్మీ కుర్రవాడు కూడా తమ్ముణ్ణి తీసుకుపోయే నెపంతో వచ్చి చూస్తూ నిలబడతాడు. ఒకనాడు ఆగలేక, “ఆ మేకను కదపొద్దురా” అన్నాడు. మేము పక్కకు జరిగి చోటు చూపించాము. కూర్చున్నాడు.

మొన్నటి సెలవుల్లో ఆరుగురు పిల్లలను బస్సులో ఆ గ్రామానికి తీసుకుపోయాము. పెద్దాయన మొదట మొహమాటపడ్డారు. తరువాత గొంతు సవరించుకొని పులులు తీసుకొన్నారు. నాలుగు ఆటలు ఆయనే గెలిచారు. అయిదవ ఆటలో పదకొండేళ్ళ పిల్లవాడొకడు అంచుల వెంబడి మేకలను దించుకుంటూ వచ్చి మూడు పులులనూ కట్టేశాడు. అరుగంతా నిశ్శబ్దం. ఆయనకు కోపం వస్తుందేమోనని మేము కొంచెం భయపడ్డాము. ఆయన వంగి గీతలను మరొకసారి పరిశీలించారు. అన్ని దారులూ వెతికారు. దారి లేదు.

“ఎవుని కొడుకువురా నువ్వు?” అని అడిగారు. పిల్లవాడు తండ్రి పేరు, ఊరి పేరు చెప్పాడు. “ఊఁ” అని గింజలన్నీ దగ్గరకు పోగుచేసి పిల్లవాని ముందుకు మూడు గులకరాళ్ళు జరిపారు. “ఈ తూరి నువ్వు పులి.”

పాఠకులారా, మీ ఇంటిలో, మీ వీధిలో ఇటువంటి ఆట తెలిసిన తాతయ్యో నానమ్మో తప్పక ఉంటారు. వారి ముందు పిల్లలను కూర్చోబెట్టండి. పెద్దలైతే పిల్లలకు చోటు ఇవ్వండి. ఓడిపోతే నవ్వండి. ధర్మం తెలిసినవారైతే, చెరిపే ముందు ఒక్కసారి అడగండి. మా వలన నొచ్చుకొన్న ఆ దూదేకుల పెద్దాయనకు అల్లాహ్ స్వర్గంలో ఉన్నత స్థానం ప్రసాదించుగాక! మా పొరపాటును మన్నించుగాక! ఆమీన్.